సగం వేలు

పద్నాలుగు రొట్టెలు. మామ జంగప్పకు నాలుగు, మొగుడు చంద్రకాంత్‌కు పొద్దుటికి మూడు, సిమెంటు ఫ్యాక్టరీకి పట్టుకుపోయే డబ్బాలోకి మూడు, అత్త చంద్రవ్వకు రెండు, తనకు రెండు. తాండూరు నుంచి వికారాబాద్ పోయే ఏడుంబావు బండి అందాలంటే ఆరున్నరకల్లా ఆఖరు రొట్టె పెంక మీది నుంచి దిగాలి. రెబెక్క మసిలే నీళ్ళు జొన్నపిండిలో పోసి, వేళ్ళు కాలుతుంటే ఉఫ్ ఉఫ్ అనుకుంటూ పిసికి, ముద్దను బండ మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కసారి చేసినవాళ్ళకైనా తెలుసు, జొన్నరొట్టె వేళ్ళతో అయ్యే పని కాదు. అరచేతి అంచుతో, చిటికెన వేలి కింద ఉండే మెత్తటి కండతో కొట్టాలి. ఒక్కో రొట్టెకు అరవై డెబ్బై దెబ్బలు. కొడుతూ తిప్పాలి, తిప్పుతూ కొట్టాలి, అంచు పలగకూడదు. తాండూరు బజార్లో రొట్టెలు చేసి అమ్మేవాళ్ళు వీధికొకరున్నారు. కానీ జంగప్పకు బజారు రొట్టె గొంతు దిగదు. దిగదంటే దిగదు. ఆ ఇంట్లో ఆ ఒక్క గొంతు మాట అందరూ వింటారు.

శుక్రవారం పొద్దున డబ్బా మూత బిగిస్తూ చంద్రకాంత్ అన్నాడు, "సోమవారం సంది రోజూ పోవాలంటున్నవు. ఆదివారాలు గూడ అంటున్నవు. మూడు నెలలు. మరి ఇల్లెవరు చూడాలె? అవ్వకు నిజంగ నొప్పి ఉన్నదంటే నువ్వు కాలేజి బంద్ పెట్టి ఇంట్ల ఉండు. లేదు, ఆమె ఊకెనే చేస్తున్నదంటే గది చెప్పు, నేను మాట్లాడుత, మర్నాటి సంది ఆమెనే పొయ్యి కాడ కూసుంటది. నువ్వు చదివింది గీ నరాల ముచ్చటనే గదా. నువ్వే తేల్చు. సోమవారం పొద్దటి దాకా టైం."

ఎంత న్యాయంగా మాట్లాడాడో చూడండి! పెద్దమనిషిలా త్రాసు పట్టుకున్నాడు, రెండు పళ్ళాల్లోనూ ఆడవాళ్ళనే కూర్చోబెట్టాడు. అటు బరువు దిగినా ఇటు బరువు దిగినా తన డబ్బాలోకి మూడు రొట్టెలు వస్తాయి. రెబెక్క పెంక మీది రొట్టె మీద తడిబట్ట అద్ది తిరగేసింది. అద్దడం ఆలస్యమై అది ఒక పక్క మాడింది. మాడినది తన వాటాలో వేసుకుంది.

ఎనిమిది నెలల కింద దాకా చంద్రవ్వ బండలు పాలిష్ పట్టే చోట పనికి పోయేది. కోసిన బండను ఇద్దరాడవాళ్ళు చెరో కొస పట్టి మోసి, నిలువుగా ఒకదానికొకటి ఆనించి పేర్చాలి. ఒకనాడు ఆనించిన బండ జారింది. కింద ఒక బండ, పైన ఒక బండ, నడుమ చంద్రవ్వ కుడి మణికట్టు. ఏడు కుట్లు పడ్డాయి. కుట్లు ఊడదీశారు, గాయం మానింది, మణికట్టు పక్కన సన్నటి తెల్ల గీత మిగిలింది. చెయ్యి మాత్రం మండుతూనే ఉంది. కొంగు తగిలితే మంట, నీళ్ళు పడితే మంట, ఫ్యాను గాలికి మంట. వికారాబాద్ తీసుకుపోయి ఎక్స్‌రే ఫిల్ము తీయించారు. ఎముక మంచిగుంది, గాయం మంచిగుంది, ఇంకేం లేదు అన్నారు. ఆ "ఇంకేం లేదు" అనే మాటను జంగప్ప ఇంటికి తెచ్చి దండెం మీద ఆరేశాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

ఒకనాడు చంద్రకాంత్ అడిగాడు, "యాడ నొస్తదవ్వా, సరిగ్గ చూపియ్యి." చంద్రవ్వ ఎడమ చేతి వేలుతో, తగలనియ్యకుండా పైపైనే గీసి చూపించింది. చిటికెన వేలు మొత్తం. దాని కింద అరచేతి అంచు. దాని పక్కనున్న ఉంగరపు వేలు సగం.

"సగమేంది?"

"చిటికెన ఏలు దిక్కు నొస్తది. గీ దిక్కు నొయ్యది."

చంద్రకాంత్ పకపకా నవ్వాడు. "ఒక్క ఏలుల సగం నొస్తదంట, సగం మంచిగుంటదంట! అబద్ధమాడినా అతికేటట్టు ఆడాలె గదనే అవ్వా." మంచం మీది నుంచే జంగప్ప అందుకున్నాడు, "పని దొంగల నొప్పి గట్లనే ఉంటది." పన్నెండేళ్ళ వయసు నుంచి కందిచేలల్లో, బండల్లో ఒళ్ళు అరగదీసుకున్న మనిషిని, మంచం మీద పడుకున్న మనిషి పని దొంగ అన్నాడు! చంద్రవ్వ ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి ఆ వేలి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పొయ్యి దగ్గరున్న రెబెక్క చేతిలో ముద్ద మాత్రం ఆగిపోయింది. ఆ సగం వేలు ఆమెకు తెలుసు. మోచేతి వెనక నుంచి వచ్చి మణికట్టు పక్కగా అరచేతిలోకి దిగే నరం ఒకటుంది. మోచెయ్యి గోడకు తగిలితే జిల్లుమనేది అదే. చిటికెన వేలికి పూర్తిగా, ఉంగరపు వేలికి సగానికే పోతుంది అది. మిగతా సగం వేరే నరానిది. ఏ పుస్తకం తెరిచినా అదే బొమ్మ. సంతకం పెట్టడం రాని చంద్రవ్వ ఆ బొమ్మలోని గీతను తన వేలి మీద ఎక్కడుండాలో అక్కడే గీసింది. అబద్ధమాడేవాళ్ళు చెయ్యంతా నొప్పి అంటారు, వేలంతా నొప్పి అంటారు. సగం అనాలని ఎవరికీ తోచదు. వాళ్ళు ఏ మాట విని నవ్వారో ఆ మాటే సాక్ష్యం. "నువ్వేమంటవు?" అని చంద్రకాంత్ అడిగితే రెబెక్క తలెత్తకుండా అంది, "నాకేం ఎరుక? నేనేమన్న డాక్టరునా?"

ఆమెకు కాక ఆ ఇంట్లో ఎవరికి ఎరుక? వికారాబాద్‌లో ఒక ఫార్మసీ కాలేజీలో ఐదేళ్ళుగా ఆమె పరిశోధన అదే. ఇంట్లో దానికి పెట్టిన పేరు ఎలుకల కొలువు. "మా కోడలు ఎలుకల పంతులమ్మ" అని జంగప్ప చుట్టాలకు చెబుతాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వాలి. మత్తిచ్చిన ఎలుక తొడలో నరం చుట్టూ దారంతో వదులుగా ముడివేసి, తోలు కుట్టేస్తారు. వారానికి కుట్టు మానుతుంది. ఎలుక తింటుంది, తిరుగుతుంది. చూసినవాళ్ళెవరైనా బాగైపోయిందనే అంటారు. కానీ జల్లెడ లాంటి తీగల గచ్చు మీద దాన్ని నిలబెట్టి, కింద నుంచి సన్నటి నైలాన్ పోగు పాదానికి ఆనిస్తే చాలు, చటుక్కున కాలెత్తేస్తుంది. నాకుతుంది. దించదు. ఎన్ని సెకన్లు దించలేదో గడియారం చూసి రాయడం రెబెక్క పని. ఆ తర్వాత వెన్నుపామును పలుచటి పొరలుగా కోసి, రంగువేసి చూడడం. గాయం తొడలో, గుర్తు వెన్నులో. దెబ్బతిన్న నరాన్ని కాపాడుకోవడానికి ఒళ్ళు కొన్ని పెరుగుదల కారకాలను తయారుచేసుకుంటుంది. వాటిని లోపలికి పిలిచే గ్రాహకాలు, వాకిళ్ళ లాంటివి, వెన్నులోని కణాల మీద ఉంటాయి. దెబ్బ తగిలిన పక్క ఆ వాకిళ్ళు పెరిగిపోతాయి. మాన్పడానికని వచ్చిందే వాటి గుండా జొరబడి కణాలను రేపెడుతుంది. ఇక అప్పటి నుంచి నూలుపోగు తగిలినా నిప్పు తగిలిందనే వెన్ను పైకి కబురు పంపుతుంది. గాయం మానడం వేరు, నొప్పి మానడం వేరు. రెబెక్క రాస్తున్న మూడు వందల పేజీల థీసిస్ సారం ఈ ఒక్క ముక్కే, ఆ ముక్క ఇంట్లో నోరు తెరిచి చెప్పలేకపోయింది.

ఎందుకు చెప్పలేదో ఆమెకు బాగా తెలుసు. నొప్పి నిజమంటే ఆ పొయ్యి తనకు శాశ్వతంగా రాసిచ్చినట్టే. వికారాబాద్ హాస్టల్లో వంట చేసి చదివించిన తల్లి భాగమ్మ ఒక్కటే మాట అనేది, "నా లెక్క గంటె పట్టుకుని బతకకు బిడ్డా." ఇప్పుడు ఆఖరు జట్టు ఎలుకలు మిగిలాయి. ఆపరేషన్ అయిన ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు తప్పకుండా కొలవాలి. ఆ రోజు ఆదివారమా, చుట్టాలొచ్చారా అని ఎలుక వెన్ను చూడదు. ఒక్క రోజు తప్పినా జట్టు మొత్తం పారేయాల్సిందే. మానేసి మళ్ళీ వస్తానంటే ల్యాబులో ఆ బల్ల ఇంకెవరికో ఇచ్చేస్తామని గైడు సారు ముందే చెప్పాడు. కాబట్టి రెబెక్క ఎనిమిది నెలలు నోరు మూసుకుంది. మంచి కోడలు కదా, అత్త మీద ఒక్క చాడీ కూడా చెప్పలేదు! నిజం కూడా చెప్పలేదు. రోజూ వేడినీళ్ళ గిన్నె తాను దించుతూ, గుడ్డలు తాను పిండుతూ, అత్తకు సాయం చేస్తున్నానని తనకు తానే చెప్పుకుంది. ఛీ, ఎంత సులువుగా సర్దిచెప్పుకుంటాం మనకు మనం.

ఆదివారం మధ్యాహ్నం తండ్రీ కొడుకులు చుట్టాల ఇంట్లో పెళ్ళిమాటలకని బషీరాబాద్ పోయారు. చర్చి నుంచి వచ్చిన రెబెక్క చీర కూడా మార్చుకోకుండా గుడ్డలు రుద్దే కొత్త బ్రష్షులోంచి ఒక నైలాన్ పోగు పీకింది. వెళ్ళి చంద్రవ్వ ముందు కూర్చుంది.

"అత్తమ్మా, కండ్లు మూసుకో. చెయ్యి నా దిక్కు పెట్టు. తగిలినప్పుడు చెప్పు."

"నన్ను గూడ ఎలుకను చేస్తున్నవా?" అంది చంద్రవ్వ, కానీ కళ్ళు మూసుకుంది.

రెబెక్క బొటనవేలికి ఆనించింది. ఏమీ లేదు. చూపుడు వేలు, నడిమి వేలు. ఏమీ లేదు. ఆనించకుండానే "ఇప్పుడు?" అని అడిగింది. "ఏం లే" అంది చంద్రవ్వ. ఉంగరపు వేలు, నడిమి వేలు వైపు. ఏమీ లేదు. అదే వేలు, చిటికెన వేలు వైపు. చెయ్యి ఎగిరిపడింది. "అవ్వో!" అని చంద్రవ్వ చేతిని కడుపులో దాచుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోగు బరువెంత? ఈగ వాలినంత కూడా ఉండదు. ఇలాంటి పోగునే వందల పాదాలకు ఆనించి, అంకె వేసుకుని, పక్క ఎలుక దగ్గరికి పోయిన మనిషి రెబెక్క. ఆ రోజు మాత్రం ఆమె పోగును పక్కన పడేసింది.

ఫోన్ తీసి ఫోటో చూపించింది. సీతాకోకచిలుక ఆకారంలో ఒక పలుచటి పొర, ఒక పక్క ఆ గ్రాహకాలు గోధుమరంగు చుక్కలుగా అక్కడక్కడ, రెండో పక్క కిక్కిరిసి.

"గిది ఎలుక వెన్ను. గీ పక్క కాలికి దెబ్బ తగిలింది. కాలు పైకి మంచిగనే ఉండె. వెన్నుల చూడు, చుక్కలు ఎట్ల లేసినయో. నీ వెన్నుల గూడ గిట్లనే ఉంటయి."

చంద్రవ్వ చాలాసేపు చూసింది. "అంటే దాని ఈపు కోసి చూసినంకనే నమ్మిన్రా మీరు?"

"అవునత్తమ్మా."

"మరి నన్నెవరు నమ్మాలె? నన్ను గూడ కొయ్యాల్నా?"

చంద్రవ్వ ఫోటోను మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. "గిది మగదా, ఆడదా?"

"మగదే. అన్నీ మగయే."

"ఏం, ఆడ ఎలుకలకు నరాలుండయా?"

"ఉంటయి. కాని వాటికి ఒంట్ల మార్పులుంటయి, అంకెలు ఒక్కతీరు రావు, పని పెరుగుతదని తీసుకోరు. నేను అడిగిన ఒకసారి. ఇంకో తొమ్మిది నెలలు పడ్తది, నీకెందుకీ తలనొప్పి అన్నడు సారు. నేను గూడ ఊకున్న."

చంద్రవ్వ నవ్వింది. ఎనిమిది నెలల్లో ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. "ఓయమ్మో! మన ముచ్చట ఎలుకల దాకా పోయిందా!" అని నవ్వి, కొంగుతో ఎడమ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు చల్లారకముందే రెబెక్క అనేసింది, "అత్తమ్మా, నీ నొప్పి నిజమని నాకు మొదటి దినం సంది ఎరుకనే. సగం ఏలు అన్నప్పుడే తెలిసింది. చెప్తే నన్ను ఇంట్ల కూసోబెడతరని చెప్పలె."

బయట ఎవరిదో ఆటో ఆగింది, మళ్ళీ పోయింది. చంద్రవ్వ ముఖం అటు తిప్పుకుంది. తిడుతుందేమోనని రెబెక్క కాచుకుంది. తిడితే బాగుండును అనుకుంది.

"నేనైనా గంతే చేద్దును," అంది చంద్రవ్వ చివరికి. "రేపు బండి ఎన్నింటికి?" అని అడిగింది.

సోమవారం పొద్దున రెబెక్క లేచి వంటింట్లోకి వచ్చేసరికి ఎసరు మసులుతోంది. చంద్రవ్వ బండ ముందు కూర్చుని ఉంది. ఎడమ చేత్తో పిండి పిసికింది, ముద్ద చేసింది. "అత్తమ్మా, ఏం చేస్తున్నవు?" అనేలోపల చంద్రకాంత్ నోట్లో బ్రష్షుతో గడపలో నిలబడ్డాడు. "ఏమైంది, తేల్చినవా?" అన్నాడు పెండ్లాంతో.

"ఆమెను అడుగుడేందిరా?" అంది చంద్రవ్వ. "చెయ్యి నాది గదా. నొప్పి పోయింది. నాలుగు దినాల సంది లేదు. నువ్వు బండికి పో బిడ్డా, టైమైతున్నది."

అని కుడి అరచేతిని ముద్ద మీద కొట్టింది. ఒక దెబ్బ. రెబెక్క చూసింది. చీర కుచ్చెళ్ళ కింద ఎడమ కాలి వేళ్ళు ముడుచుకుపోయాయి. పై పెదవి మీద చెమట పట్టింది. ముఖం మాత్రం కొడుకు వైపు నవ్వుతోంది.

"నే చెప్పలే?" చంద్రకాంత్ బ్రష్షు తీసి మరీ అన్నాడు. "అంత మనసుల ఉంటది. ఎనిమిది నెలలు అందర్ని పరేషాన్ చేసింది. సరే, ఫికర్ పోయింది. నువ్వు పో రెబెక్కా, మంచిగ చదువుకో."

పొమ్మన్నాడు. మంచిగ చదువుకొమ్మన్నాడు! పెళ్ళైన మూడేళ్ళలో ఆ మాట అతని నోట ఎన్నడూ వినలేదు. రెబెక్క సంచి తీసుకుంది, చెప్పులేసుకుంది. అత్త వైపు చూడకుండా వాకిలి దాటింది. ఆమె కోరి ఇస్తున్నదే కదా, కాదనడానికి నేనెవరు అనుకుంది. మూడు నెలలే కదా, తర్వాత నేనే చూసుకుంటాను అనుకుంది. గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. లోపల దెబ్బలు వినిపిస్తున్నాయి. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం పెరుగుతోంది. ఒక సెకను. మూడు సెకన్లు. ఐదు. ఐదేళ్ళ అలవాటు, ఆమె ప్రమేయం లేకుండానే పెదవులు లెక్కపెడుతున్నాయి. తొమ్మిది. పదకొండు. ఎలుక పదకొండు సెకన్లు కాలు దించకపోతే తాను పుస్తకంలో రాసుకుంటుంది. ఈ పదకొండును ఏ పుస్తకంలో రాయాలి? పన్నెండో అంకె దగ్గర రెబెక్క వెనక్కి తిరిగింది.

చెప్పులతోనే వంటింట్లోకి పోయి, చంద్రవ్వను మోచేతి పైన, నొప్పి లేని చోట పట్టుకుని లేపింది. "లే అత్తమ్మా. చాలు."

"నువ్వు పోలే?" అన్నాడు చంద్రకాంత్.

"నొప్పి ఉన్నది," అంది రెబెక్క. "మొదటి దినం సంది ఉన్నది. ఆ నరం సగం ఏలుకే పోతది, గందుకే సగమే నొస్తది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ దినం నువ్వు అడిగితె తెల్వదన్న చూడు, గప్పుడు అబద్ధమాడింది నేను."

చంద్రకాంత్ తల్లి వైపు చూశాడు. "నిజమేనా అవ్వా?"

ఎనిమిది నెలల్లో అలా అడిగింది లేదు. చంద్రవ్వ చేతిని రొమ్ముకు ఆనించుకుని నిలబడింది. "మండుతున్నదిరా," అంది. "నిప్పుల పెట్టినట్టే ఉన్నది. దినాం గిట్లనే ఉన్నది."

అతను మళ్ళీ తనకు తెలిసిన తోవలోకే వచ్చేశాడు. "అట్లయితే ఇంకేంది? నేను ముందుగాల్నే చెప్పిన. నొప్పి నిజమైతె నువ్వు ఇంట్ల ఉండాలె."

"ఉండ."

"ఉండవా? మూడు నెలలు మేమేం తినాలె మరి?"

"మూడు నెలలు గాదు. ఏడాది." ఆ మాట నోట్లోంచి వచ్చాకే రెబెక్కకూ తెలిసింది. "ఇన్నొద్దులు మగ ఎలుకల్నే చూసిన. ఆడ ఎలుకల్తోని మళ్ళ మొదటి సంది చేస్త. సారు ఒప్పుకుంటడో లేదో, ఇయ్యాల్నే అడుగుత."

పిండి పళ్ళెం తీసి మొగుడి కాళ్ళ ముందు పెట్టింది. "నీ రెండు చేతుల పది ఏళ్ళు మంచిగున్నయి. ఒక్కటి గూడ నొయ్యది."

బయట మంచం మీది నుంచి జంగప్ప అడిగాడు, "రొట్టెలు అయినయా లేదా?" చంద్రకాంత్ బ్రష్షు పట్టుకుని తల్లినీ పెండ్లాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. రెబెక్క అక్కడ ఆగలేదు. ఆగితే ముద్ద చేతిలోకి వస్తుందని ఆమెకు తెలుసు. బండికి ఇరవై నిమిషాలే ఉంది.

గేటు వేసి సందు మలుపు దాకా వచ్చిందో లేదో వెనక నుంచి చంద్రవ్వ గొంతు వినిపించింది, "ముందు చేతులు కడుక్కో. కూసో. ఏళ్ళతోని గాదురా, అరచెయ్యి అంచుతోని." ఆ తర్వాత బండ మీద ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి, మొద్దుగా, చేతకానట్టు.

ఈసారి రెబెక్క సెకన్లు లెక్కపెట్టలేదు.